మగ్గం గదిలో కరెంటు

నాకు ఇచ్చిన విషయం ఇంట్లో కరెంటు పనిముట్లు. నేను మోటార్లు బాగుచేసేవాణ్ణి, ఉపన్యాసాలు చెప్పేవాణ్ణి కాదు. సూటిగా మాట్లాడేస్తాను.

వేరేవాళ్ళ ఇళ్ళల్లో కరెంటు పనిముట్లంటే మిక్సీ, ఇస్త్రీపెట్టె. మనకు అలా కాదు కదా. షోలాపూరులో, భీవండిలో ముందు గదిలో సాంచెలు ఆడుతుంటాయి, వెనక గదిలో పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది. చేతిమగ్గం వాళ్ళకైనా కండెలు చుట్టే రాట్నానికి మోటారు వచ్చింది, కొందరికి జాకార్డు ఎత్తడానికీ వచ్చింది. ఇక మరమ్మతుకు డ్రిల్లు, గ్రైండరు. పిల్లలు వీటి మధ్యనే పెరుగుతారు. పెద్ద మిల్లులో అయితే ఎలక్ట్రీషియను ఉంటాడు, సూపర్‌వైజరు ఉంటాడు. మన ఇంట్లో ఎవరున్నారు? మనమే.

తమిళనాడులో 2023 నుంచి రెండు నెలలకు చేతిమగ్గానికి 300 యూనిట్లు, మరమగ్గానికి 1000 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇస్తున్నారు. మంచిదే. బిల్లు గురించి ప్రతి మీటింగులో మాట్లాడుకుంటాం. ఎర్తు గురించి మాత్రం ఒక్కరూ అడగరు.

చాలామంది అనుకునేది ఏమిటంటే, "మా ఇంట్లో ఎమ్‌సీబీ ఉంది, షాక్ కొడితే అదే పడిపోతుంది" అని. పడిపోదు. ఎమ్‌సీబీ ఉన్నది వైరు కాలిపోకుండా కాపాడడానికి. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. మనిషిని కాపాడేది వేరే పెట్టె, ఆర్‌సీసీబీ అంటారు. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్లో తిరిగి వచ్చిందా లేదా అని అది చూస్తూనే ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లు అయ్యేసరికి, సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా మొత్తం ఆపేస్తుంది. కొనేటప్పుడు దాని మీద 30 అనే అంకె చూసి తీసుకోండి, 100, 300 రకాలు కూడా అమ్ముతారు. ఇంకో మాట, ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది కూడా కాపాడలేదు.

ఆర్‌సీసీబీ ఉంది కదా అని ఎర్తు మానెయ్యకూడదు. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో తెలుసా? ముందు ఎర్తు తగలాలి, చివర ఎర్తు ఊడాలి అని. మనవాళ్ళు ఆ పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్లో దూరుస్తారు. కొందరు వైర్‌మెన్లు అయితే సాకెట్ వెనక ఎర్తును న్యూట్రల్‌కు ముడేసి "అయిపోయింది" అంటారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున సాంచె ఇనుమంతా కరెంటే. అలా చేసినవాణ్ణి మళ్ళీ ఇంటికి పిలవొద్దు.

గుంట మగ్గం వాళ్ళు ఇంకా జాగ్రత్త. కాళ్ళు గుంటలో, కింద చెమ్మ, పడుగు మీద వైరుకు వేలాడే బల్బు. యానాం వైపు వానాకాలం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఆ హోల్డరు ప్లాస్టిక్‌దై ఉండాలి, మగ్గం మీద కూర్చుని చెయ్యి చాపితే అందకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. నూలు తెగితే మోటారు ఆపకుండానే ముడేస్తాం. ఎందుకంటే మజూరీ ముక్క లెక్కన, ఆపితే నష్టం. నాకు తెలుసు. అయినా చెబుతున్నా, బెల్టు దగ్గర, పళ్ళ చక్రాల దగ్గర చెయ్యి పెట్టాలంటే ఆపాల్సిందే. వదినెలూ, కండెలు చుట్టేటప్పుడు కొంగు నడుముకు దోపుకోండి, జడ ముడి వేసుకోండి. తిరిగే ఇరుసు ఒక్క పోగు దొరికినా చాలు, మొత్తం లాక్కుంటుంది. బెల్టుకు జాలీ పెట్టించడం ఒక్క పూట పని.

కరెంటు పోయినప్పుడు సాంచె దానంతట అదే ఆగుతుంది. అప్పుడే చెయ్యి పెట్టి శుభ్రం చేస్తారు. స్విచ్చి ఆఫ్ చెయ్యరు! కరెంటు చెప్పి వస్తుందా? డ్రిల్లుకు కూడా ఇదే. బటన్ లాక్ చేసి ఉండగా కరెంటు పోతే బల్ల మీద పెట్టి టీకి వెళ్తాం, తిరిగి వచ్చేలోపు అది బల్ల మీద ఎగురుతుంటుంది. పక్కన పిల్లవాడు ఉంటే?

గ్రైండరు మగ్గం గదిలో వద్దే వద్దు. మన గదుల్లో మూల మూలనా దూది నూగు పేరుకుని ఉంటుంది, నిప్పురవ్వ చాలు. బయట వాకిట్లో పెట్టుకోండి, గార్డు ఊడదియ్యొద్దు, కళ్ళద్దాలు పెట్టుకోండి. చక్రం మీద రాసిన వేగం గ్రైండరు వేగం కన్నా తక్కువ ఉంటే ఆ చక్రం వెయ్యొద్దు, పగిలిపోతుంది. మోటారు గాలి కన్నాల్లో చేరిన నూగు కూడా వారానికోసారి, స్విచ్చి ఆపి, ఊదెయ్యండి.

చివరగా అక్కచెల్లెళ్ళకు ఒక ప్రశ్న. మీ ఇంటి మెయిన్ స్విచ్చి ఎక్కడుంది? చేతులెత్తండి. చూశారా, సగం మంది ఎత్తలేదు. మగవాళ్ళు నూలు తేవడానికి పోయినప్పుడు ఇంట్లో ఉండేది మీరే. ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆపాలి. ఇన్వర్టరు ఉంటే అదీ ఆపాలి, లేకపోతే మెయిన్ ఆపినా వైర్లలో కరెంటు ఉంటుంది. ఆపడం కుదరకపోతే పొడి కర్రతో నెట్టాలి. ఊపిరి లేకపోతే ఒకరు 108కి ఫోను చెయ్యాలి, ఇంకొకరు ఛాతీ నడుమ గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ బండి వచ్చేదాకా ఆపకూడదు. నీళ్ళు తాగించడం, మట్టిలో పూడ్చడం వంటివి వద్దు.

బయట భోజనాల పక్కన ఒక బోర్డు బిగించి పెట్టాను. దాని మీద ఆర్‌సీసీబీ ఉంది, టెస్టు అని చిన్న బటన్ ఉంది. ఇంట్లో నెలకోసారి నొక్కాల్సింది అదే. నొక్కితే టక్కున పడిపోవాలి, పడకపోతే అది చెడిపోయినట్టు. వచ్చి ఒక్కొక్కరూ మీ చేత్తో నొక్కి చూడండి. అన్నం తర్వాతైనా సరే, నేను అక్కడే ఉంటాను.