నేల చదును చేసే ముందు నీటి దారి చూడాలి

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

 

హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఉంది. ఆ రోడ్డు వచ్చాక మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు వైపు పెద్ద పెద్ద గోదాములు లేచాయి. గోదాములు అవసరమే. మన వడ్లు కూడా గోదాములోనే ఉంటాయి. కానీ ఎక్కడ కడుతున్నారు? నేలను ఎట్లా చదును చేస్తున్నారు? ఇది మనం అడగాల్సిన మాట.

గోదాముకు ఎత్తుపల్లాలు లేని నేల కావాలి. అందుకని ముందు జేసీబీలు వస్తాయి. చెట్లు పీకేస్తారు. పైమట్టి గీకేస్తారు. మిట్టను తవ్వి పల్లంలో పోస్తారు. చాలకపోతే మొరం తోలుతారు. రోలరుతో తొక్కిస్తారు.

పైమట్టే పంటకు ప్రాణం. సారం, వానపాములు అన్నీ అందులోనే ఉంటాయి. అంగుళం మట్టి తయారు కావాలంటే వందల ఏళ్ళు పడుతుంది. దాన్ని గీకడానికి జేసీబీకి ఒక్క పూట చాలు.

ఇక నీళ్ళ లెక్క చూద్దాం. ఎకరం నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్లు. 15 లీటర్ల బిందెతో కొలిస్తే 2,600 బిందెలకు పైనే. దున్నిన చేను అందులో చాలా నీళ్ళు తాగుతుంది. ఆ నీళ్ళే మన బావికి, బోరుకు ఊట. మరి రేకుల కప్పు తాగుతుందా? సిమెంటు నేల తాగుతుందా? నీళ్ళన్నీ ఒక్కసారిగా పల్లానికి పరుగెత్తుతాయి. పల్లంలో ఉండేది పేదల ఇళ్ళే. వానాకాలం ఇంట్లోకి నీళ్ళొస్తాయి. ఎండాకాలం బోరు ఎండిపోతుంది. బిందె పట్టుకుని నడిచేది మనమే.

మన పెద్దలు చెరువులను గొలుసుగా కట్టారు. పై చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండుతుంది. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయి. మధ్యలో కాలువను మొరంతో పూడిస్తే పైన మునుగుతుంది, కింద ఎండుతుంది. ఎండిపోయి కనిపించే కాలువ కూడా కాలువే.

"గోదాము వస్తే పని దొరుకుతుంది కదా" అంటారు. దొరికితే మంచిదే. ఎంతమందికి, ఎన్నాళ్ళు, ఎంత కూలికి అని అడగాలి. భూమి అమ్మిన వారికి డబ్బు వస్తుంది. ఆ చేలో కలుపు తీసి బతికిన కూలి అక్కకు ఏం వస్తుంది?

మరి మనం ఏం చేయాలి? ఊరి నక్షా చూడాలి. ఆ సర్వే నంబరులో కాలువ, శిఖం భూమి, బండ్ల బాట ఉన్నాయేమో చూడాలి. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వాల్టా చట్టం వచ్చింది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అనుమతి కాగితాల నకలు ఇమ్మని అర్జీ పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గ్రామసభకు అందరం కలిసి పోదాం. తీర్మానం రాసేటప్పుడు దగ్గర కూర్చుందాం. పూర్తిగా చదివాకే సంతకం పెడదాం. ఇప్పుడు మనకు చదవడం వచ్చు కదా!

కాలువ పూడ్చక ముందే అడగాలి. పూడ్చాక తవ్వించడం చాలా కష్టం.



చర్చించండి:
1. మీ ఊరి చెరువుకు నీళ్ళు ఏ దారిన వస్తాయి?
2. ఆ దారిలో ఎక్కడైనా మట్టి పోశారా?
3. ఈసారి గ్రామసభలో మీరు ఏం అడుగుతారు?