పిల్లల చేత ఎన్నిసార్లు చెప్పిస్తాం?

(కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



పొద్దుట్నించీ కేసుల గురించి మాట్లాడుకున్నాం. ఎఫ్‌.ఐ.ఆర్‌. ఎట్లా రాయించాలి, ఏ సెక్షన్లు పెట్టించాలి, నష్టపరిహారం ఎట్లా రాబట్టాలి, ఇవన్నీ విన్నాం. అవసరమే. కానీ దాడి జరిగిన రాత్రి మంచం కింద దాక్కుని అంతా చూసిన ఆరేళ్ళ పిల్లకాయ సంగతేమిటి? మేం మాట్లాడేది ఆ పిల్లల గురించి.

ముందు మా తప్పు ఒప్పుకుంటాం. కొన్నేళ్ళ కిందట మాకు దగ్గర్లోని ఒక పల్లె మీద ఊరోళ్ళు కర్రలతో పడ్డారు. మర్నాడే మేం పోయాం. నిజనిర్ధారణ కమిటీలు వచ్చాయి, పేపరోళ్ళు వచ్చారు. తండ్రిని కొడుతుంటే చూసిన పిల్లోడు ఒకడున్నాడు. వచ్చినోళ్ళందరి ముందూ వాడి చేత చెప్పించాం. "చెప్పరా, భయపడకు" అన్నాం. సభలో మైకు ముందు నిలబెట్టి కూడా చెప్పించాం. జనం ఏడ్చారు. సభ బాగా జరిగిందని మేం అనుకున్నాం. ఆ వారం నుంచి వాడు నోరు విప్పటం మానేశాడు. రాత్రిళ్ళు పక్క తడుపుతున్నాడు. వాళ్ళమ్మ వచ్చి, "సారూ, వాడి చేత ఎన్నిసార్లు చెప్పిస్తారు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

మన ఉద్యమం చచ్చినవాళ్ళ పేర్లు మరిచిపోలేదు. 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు, ఈ తేదీలు మన పిల్లలకు కూడా నోటికొచ్చు. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. లెక్కేయండి. ఆ రోజున ఆరేళ్ళున్న పిల్లకు మొదటి తీర్పు వచ్చేసరికి ఇరవై రెండేళ్ళు. కొట్టేసేసరికి ఇరవై తొమ్మిది. కోర్టు నడక అట్లా ఉంటుంది. పిల్ల ఎదగటం దానికోసం ఆగదు. అందుకే న్యాయం వచ్చాక పిల్లల సంగతి చూద్దామంటే కుదరదు.

2004 డిసెంబరు 26 సునామీ తరవాత బెంగుళూరు నిమ్‌హాన్స్ డాక్టర్లు క్యాంపుల్లో పనిచేసేవాళ్ళకు శిక్షణ ఇచ్చారు. పిల్లలకు ఆట, పాట, బొమ్మలు, కథలు కావాలని నేర్పారు. ఆ పద్ధతులు మనకూ పనికొస్తాయి. కానీ ఒక తేడా ఉంది. ఉప్పెన వెనక్కి పోతుంది. మన పిల్లలు బడికి పోవాలంటే కొట్టినోడి ఇంటి ముందు నుంచే నడవాలి. వాళ్ళ భయం ఉత్త భ్రమ కాదు. అందుకని "ఏం కాదులే" అని అబద్ధం చెప్పకండి. పెద్దవాళ్ళు వంతులేసుకుని రోజూ బడిదాకా తోడు నడవండి. మేం మొదట చేసిన పని అదే.

ఇక ఆట సంగతి. వారం తిరక్కుండానే పిల్లలు వేపచెట్టు కింద కర్రలు పట్టుకుని దాడి ఆట మొదలుపెట్టారు. సగం మంది ఊరోళ్ళు, సగం మంది మనోళ్ళు. మనోళ్ళుగా ఉండటానికి ఎవడూ ఒప్పుకోడు. చిన్నోళ్ళను బలవంతాన ఆ పక్కకు తోసేవాళ్ళు. మాకు కడుపు మండి కర్రలు లాక్కున్నాం. మర్నాడు ఇంటి వెనక ఆడారు. ఒక ముసలమ్మ, "ఆడనీండి నాయనా, లోపల పెట్టుకుంటే చీము పడుద్ది" అంది. ఆమె చెప్పిందే నిజం. నోటితో చెప్పలేనిది పిల్లలు ఆటలో చెబుతారు.

అయితే అదే ఆట అక్కడక్కడే తిరుగుతుంటే, ఆడినాక పిల్లలు ఇంకా బిగుసుకుపోతుంటే, పక్కన ఒక పెద్ద ఉండాలి. దెబ్బలు తగలకుండా చూస్తూ మేం ఒకటే అడిగాం: "తరవాతేమయింది?" రెండు మూడు రోజులు ఎవరూ పలకలేదు. ఒక రోజు ఒక ఆడపిల్ల లేచి, "తరవాత మా పిన్ని పక్కపల్లెకు పరిగెత్తి జనాన్ని తెచ్చింది" అంది. అది నిజంగా జరిగిందే. ఆ రోజు నుంచి ఆటలోకి పిన్ని వచ్చింది, ఆటో వచ్చింది, ఆస్పత్రి వచ్చింది. ఆటకు ఒక చివర దొరికింది. మెల్లగా తొక్కుడుబిళ్ళ, గోలీలు మళ్ళీ బయటికొచ్చాయి.

పెద్ద చప్పుడైతే పిల్లలు ఉలిక్కిపడేవాళ్ళు. డప్పు కొడితే చిన్నోళ్ళు ఏడ్చారు. మేం కొట్టటం ఆపి డప్పు వాళ్ళ చేతికే ఇచ్చాం. తన చేత్తో తను కొట్టే చప్పుడుకు పిల్ల భయపడదు. చెరువు మట్టి తెచ్చి ఇళ్ళు కట్టించాం. కొందరు కట్టి పగలగొట్టారు. పగలగొట్టనిచ్చాం. మళ్ళీ కట్టారు.

కథల్లో కూడా మేం తడబడ్డాం. మొదట అన్నీ వీరుల కథలు చెప్పాం. భయపడ్డ పిల్లలు తలొంచుకున్నారు, తామేదో తక్కువైనట్టు. అప్పుడు బాబాసాహెబ్ చిన్ననాటి కథ ఎత్తుకున్నాం. 1901లో తండ్రి దగ్గరికి పోతూ, కులం తెలిసి బండివాళ్ళు రాకపోతే, దారిలో మంచినీళ్ళు పుట్టక, ఆ పిల్లలు రాత్రంతా దప్పికతో, భయంతో గడిపారు. ఆయనే రాసుకున్నారు. "అంబేద్కర్‌కు కూడా భయమేసిందా సార్?" అని అడిగారు. వేసిందని చెప్పాం.

తరవాత జాషువా గబ్బిలం కథ. 1941లో ఆయన రాసిన కావ్యంలో, గుడిలోకి రానివ్వని మనిషి గుడిలోకి పోగల గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. "మీరైతే ఏం కబురు పంపుతారు?" అని అడిగాం. ఒకడు తప్పిపోయిన మేకను వెతికి రమ్మన్నాడు. ఒక పిల్ల ఆస్పత్రిలో నాన్న అన్నం తింటున్నాడో లేదో చూసి రమ్మంది. మేం మైకు ముందు నిలబెట్టిన ఆ పిల్లోడు చాలా సేపటికి అన్నాడు: "గబ్బిలానికి రాత్రి తెలుస్తది కదా సార్. మా గుమ్మం కాడ కూచోమనండి. ఎవురన్నా వస్తే చెప్పమనండి." నెల తరవాత వాడు మాతో పలికిన మొదటి మాట అది. ఆ రాత్రి నుంచి వాళ్ళ గుమ్మం ముందు ఇద్దరు యువకులు పడుకున్నారు.

కార్యకర్తలు కొన్ని గుర్తుపెట్టుకోండి. సాయంత్రం ఒకే టైముకు, ఒకే చోట, తెలిసిన మనుషులే కూర్చోవాలి. నాలుగు రోజులు ఆడించి మాయం కావద్దు. చెప్పమని బలవంతం చేయొద్దు. చెబితే మధ్యలో ఆపొద్దు. ఆటలో సాక్ష్యం నేర్పొద్దు. అది పిల్లకూ కీడే, కేసుకూ కీడే. పిల్ల తనంతట తను ఏదన్నా చెబితే తన మాటల్లోనే రాసి వకీలుకు ఇవ్వండి. నెల దాటినా నిద్ర, తిండి లేకపోయినా, ఎప్పుడైనా చచ్చిపోతానని అన్నా, ఆటలతో సరిపెట్టకుండా వెంటనే పెద్దాసుపత్రిలో మానసిక డాక్టరుకు చూపించండి. 2022లో మొదలైన టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులో మాట్లాడతారు. హత్య జరిగిన కుటుంబాల పిల్లలకు డిగ్రీ దాకా చదువు ఖర్చు అట్రాసిటీ రూల్సులోనే ఉంది. దాన్ని అడిగి, పట్టుబట్టి సాధించండి.

ఆట న్యాయానికి బదులు కాదు. కానీ న్యాయం కోసం రేపు కొట్లాడాల్సింది ఈ పిల్లలే. వాళ్ళను ఇప్పుడు నిలబెట్టుకోవాలి. ఈసారి ఏ పల్లెకైనా పోయేటప్పుడు కరపత్రాల సంచిలో నాలుగు గోలీలు, ఒక సుద్దముక్క కూడా వేసుకోండి. పిల్లల్ని మాత్రం మైకు దగ్గరికి తీసుకురాకండి.

జైభీమ్!