మెడసిరలో గొట్టము - మూడు సూది పద్ధతులు

(సునాబెడలో మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన కుటుంబములలో ఎవరికైన జబ్బు ముదిరినచో కోరాపుట్‌నకో, ఘాటు దిగి విశాఖపట్టణమునకో తీసికొనిపోవుచున్నాము. అచ్చట "మెడలో గొట్టము వేయవలెను, సంతకము చేయుడు" అని కాగితము చేతికిత్తురు. అది ఒడియాలోనో ఇంగ్లీషులోనో యుండును. కొందఱు భయపడి నిరాకరింతురు. కొందఱు గ్రహింపకయే వ్రాలు చేయుదురు. రెండును మంచివి కావు. మేము వర్తకులమే గాని వైద్యులము కాము. అయినను తెలిసికొన్నంతవఱకు మనవి చేయుచున్నాము.

చేతి సిరలు సన్ననివి. రక్తపుపోటు పడిపోయినపుడు ఇచ్చు తీవ్రమైన మందులను వానికి చాలసేపు ఎక్కించినచో సిర చెడవచ్చును. మందు బయటికి కారినచో చుట్టునున్న చర్మము, కండ దెబ్బతినును. అందుచే పెద్ద సిరలో గొట్టము వేయుదురు. ధమనుల పరీక్షకై 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ ప్రకటించిన మార్గమే దీనికిని ఆధారము. సూదిని గ్రుచ్చి, దాని గుండ మెత్తని తీగను పంపి, సూదిని తీసి, తీగమీదుగా గొట్టమును జార్చి, పిదప తీగను తప్పక తీసివేయవలెను.

చిక్కంతయు మొదటి గ్రుచ్చుటలోనే యున్నది. మెడసిర ప్రక్కనే ధమని, క్రిందుగా ఊపిరితిత్తి కొన యున్నవి. సూది దారి తప్పినచో ధమనికి చిల్లు పడవచ్చును. ఊపిరితిత్తి చుట్టును గాలి చేరవచ్చును.

మొదటి పద్ధతి, కండరముల గుర్తులను, ధమని కొట్టుకొనుటను వ్రేళ్లతో తడిమి గ్రుచ్చుట. రెండవది, సన్నని సూదితో సిరను వెదకి, తావు తెలిసిన పిమ్మట పెద్దసూది వాడుట. ఇందు తప్పినను చిల్లు చిన్నది. మూడవది, అల్ట్రాసౌండు తెరపై సిరను చూచుచు గ్రుచ్చుట. నొక్కిన సులభముగ అణగునది సిర. అణగక కొట్టుకొనునది ధమని. సిరను అడ్డముగా చూచినచో ధమనియు కనబడును గాని సూదికొన కంటికి తప్పవచ్చును. నిడివిగా చూచినచో సూది యంతయు కనబడును గాని ప్రక్కనున్న ధమని తెరపై నుండకపోవచ్చును.

చీకటిలో బట్టను తడిమి కొనుటకును, దీపము పెట్టి చూచి కొనుటకును గల భేదమే యిది. తెరపై చూచుటచే మెడలో ధమని గాయములు తగ్గునని పరిశోధనలు తేల్చినవి. ఇంగ్లండులో నైస్ సంస్థ 2002లోనే దీనిని సిఫారసు చేసినది. అయినను దీపముండిన చాలదు, చేయి అలవాటుపడవలెను. యంత్రము లేనిచోట ప్రాణాపాయ సమయమున తడిమి వేయు వైద్యుని తప్పుపట్టుట న్యాయము కాదు.

కావున మర్యాదగా, చికిత్సకు ఆలస్యము కానీయక, మూడు ప్రశ్నలడుగుడు. గొట్టమెందులకు? తెరపై చూచి వేయుదురా? ఎన్నడు తీయుదురు? కడపటిది మఱువరాదు. అవసరము తీరిన గొట్టము ఒక్కదినమున్నను క్రిములకు త్రోవ యగును.

ఒడియా, ఇంగ్లీషు చదువనేర్చిన యువకులు తమ పేర్లను సంఘమునకిత్తురేని, రోగి బంధువులకు ఆ కాగితమును తెలుగులో చెప్పగలరు. వ్రాలు చేయువారు తెలిసి చేయవలెనన్నదే మా విన్నపము.