కంప్యూటరుపై సంగీతము : తొలి యడుగులు

పల్లెలయందలి పెద్దలనుద్దేశించి ఈ పూట నేను ముచ్చటింపదలచిన విషయము మీలో కొందరికి వింతగా దోచవచ్చును. కంప్యూటరుమీద పాటను పట్టి, దిద్ది, కూర్చుకొను సాధనములు ఎట్టివి, వానిని క్రొత్తగా చేపట్టినవారు ఎచ్చట మొదలిడవలెను అనునదియే ఆ విషయము. ఇది పట్నపు కుర్రవారి వినోదము గదా, ఈ వయస్సున మనకేల యని మీరు తలపవచ్చును. నేను ముప్పదియేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. వ్యాకరణము, అలంకారము చదువుకొన్నవాడనేగాని యంత్రవిద్య నెరిగినవాడను గాను. అయినను ఈ విద్య మన వయస్సువారికే ఎక్కువ అవసరమని నా నమ్మకము. ఏలయన, దాచుకొనదగిన పాటలు మన తరమువారి గొంతులలో నున్నవి. దాచెడి నేర్పు మన మనుమల చేతులలో నున్నది. ఈ రెండును కలియకున్నచో నష్టము మన గ్రామములదే.

మొదట సాధనముయొక్క స్వరూపమును జూతము. దీనిని ఇంగ్లీషున డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అందురు. పేరు పెద్దదేగాని పని తేలికగా బోధపడును. మైక్రోఫోను నెదుట మనము పాడినపుడు గాలిలోని కంపనము విద్యుత్తుగా మారును. ఆ విద్యుత్తును కంప్యూటరు సెకనుకు 44,100 మారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. ఇన్ని మారులేల? మానవుని చెవి కందునట్టి మిక్కిలి హెచ్చు స్థాయి ధ్వనికి సెకనుకు సుమారు 20,000 కంపనములుండును. ఒక కంపనమును చక్కగా పట్టవలెనన్న దాని సంఖ్యకు రెట్టింపునకు మించి కొలువవలెను. 1982లో బజారునకు వచ్చిన కాంపాక్ట్ డిస్కునకు ఈ కొలతనే వాడిరి. నేడు క్రొత్తవారికిని ఇదియే చాలును.

పూర్వము పాటను పట్టుట ఎంత కష్టమో తలచుకొన్నచో నేటి సౌకర్యము తెలియును. 1902వ సంవత్సరము నవంబరులో కలకత్తానగరమున గౌహర్ జాన్ అను గాయని గ్రామఫోను కంపెనీవారి కొరకు పాడెను. పెద్ద కొమ్ముబూర యెదుట నిలిచి, మూడు నిమిషములు మించకుండ, తప్పు దొర్లకుండ, ఒక్క దమ్మున పాట ముగింపవలెను. ఆమె పాట చివర తన పేరును బిగ్గరగా పలుకుచుండెడిది. ఆ పలుకు నేటికిని వినబడుచున్నది. నాటి పని తాటియాకుపై గంటపు వ్రాతవంటిది, చెరపుట కుదరదు. నేటి సాఫ్టువేరు పలకవంటిది. ఒక చరణము తడబడినచో ఆ చరణమును మాత్రమే మరల పాడి, పాతదానిని తీసి, క్రొత్తదానిని అదుకవచ్చును. మరియు పాడువాని గొంతునకు ఒక వరుస, హార్మోనియమునకు ఒక వరుస, మద్దెలకు ఒక వరుసగా వేరువేరుగ ఉంచుకొనవచ్చును. ఈ వరుసలనే ట్రాకులందురు. మద్దెల గొంతును మ్రింగివేయుచున్నచో మద్దెల ట్రాకును మాత్రము తగ్గించిన చాలును.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. ఈ సాఫ్టువేర్లలో రెండు విధములగు పనులు జరుగును. ఒకటి గొంతును ఉన్నదున్నట్లు పట్టుట. రెండవది ‘మిడి’ యనునది. 1983లో వాద్యయంత్రముల నిర్మాతలు పలువురు కలిసి వాడుకలోనికి తెచ్చిన సంకేతపద్ధతి యిది. ఇందు ధ్వని యుండదు. ఏ మెట్టు నొక్కవలెను, ఎంత బలముగ, ఎంతసేపు అను ఆజ్ఞలు మాత్రమే యుండును. మన స్వరలిపి ఎట్టిదో ఇదియు నట్టిదే. స్వరములు కాగితమున వ్రాసినంతనే పాట వినబడదు; వీణపై వాయించిన వీణగను, వేణువున నూదిన వేణువుగను పలుకును. మిడియందును అట్లే ఒకే ఆజ్ఞలను ఏ వాద్యమున కొప్పగించిన ఆ వాద్యము పలుకును. కుర్రవారు ఎక్కువగా ఈ రెండవదానితో మొదలిడుదురు. మనము మొదటిదానితో మొదలిడుట మేలు. గొంతు పట్టుట వచ్చినపిదప వాద్యములను చేర్చుకొనవచ్చును.

ఇక ఏ సాఫ్టువేరు? సాధనముల జాబితా పెద్దది. వానిని పోల్చుచు కూర్చున్నచో పుణ్యకాలము గడచిపోవును. గొంతు పట్టుటకు ‘ఆడాసిటీ’ యనునది చాలును. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఇద్దరు దీనిని ఆరంభించి 2000వ సంవత్సరమున లోకమునకు విడిచిరి. దీనికి వెల లేదు. ఆపిల్ కంప్యూటరు గలవారికి ‘గరాజ్‌బ్యాండ్’ వెల లేకయే లభించును. వాద్యముల కూర్పునకు అది మరింత అనుకూలము. కంప్యూటరుకు నేరుగా తగిలించు మైక్రోఫోను ఒకటి, చెవులకు పెట్టుకొను హెడ్‌ఫోను ఒకటి యున్నచో సామగ్రి సిద్ధమైనట్లే. మైక్రోఫోను లేనివారు సెల్‌ఫోనుతో పట్టి ఆ ఫైలును కంప్యూటరులోనికి చేర్చుకొనవచ్చును.

నాకు దీనిని నేర్పినవాడు కాలేజీలో చదువుచున్న మా మనుమడు. “తాతయ్యా, అన్ని మీటలూ ఒక్కనాడే వద్దు. పట్టుట, ఆపుట, కత్తిరించుట, భద్రపరచుట, ఈ నాలుగూ చాలు” అనెను. బాలుడు చెప్పినను మంచిమాట గ్రహింపవలెను గదా. వారము దినములు ఆ నాలుగే చేసితిని. ఓనమాలు రానిదే గుణింతమునకు పోరాదని బడిలో నేను చెప్పినదియు నదియే.

ఇప్పుడు పని జరుగు తీరును చెప్పెదను. మొదట గది. ఉత్తగోడల గదిలో గొంతు మ్రోగి మసకబారును. పరుపులు, బొంతలు, బట్టలు గల గది మంచిది. అవి మ్రోతను పీల్చుకొనును. పంకా ఆపవలెను. మైక్రోఫోను నోటికి జానెడు దూరమున, రవ్వంత ప్రక్కకు ఉండవలెను. మరీ దగ్గరయైనచో ప, బ వంటి అక్షరముల ఊపిరి దెబ్బవలె తగులును.

రెండవది శ్రుతి. మన హార్మోనియపు ఒకటవ శ్రుతి ఇంగ్లీషు లెక్కలో ‘సి’ మెట్టు. ఐదవ శ్రుతి ‘జి’ మెట్టు. పాడువారికి అనువైన శ్రుతిని తెలిసికొని, ఆ శ్రుతిలో తంబురనాదమును హెడ్‌ఫోనులో వినిపించవలెను. బయటికి వినిపించినచో అదియు మైక్రోఫోనులో దూరి గొంతుతో కలిసిపోవును; తరువాత విడదీయుట కష్టము. వయస్సు మీరినకొలది శ్రుతి తగ్గుట సహజము. పడుచునాటి శ్రుతిలో పాడుమని బలవంతపెట్టరాదు.

మూడవది మోతాదు. తెరపై గొంతుయొక్క బలమును చూపు పట్టీ యుండును. అది ఎరుపునకు తగిలినచో పొంగిన పాలవలె ఆ ధ్వని పోయినట్లే. తరువాత ఏ ఉపాయముచేతను తిరిగిరాదు. గట్టిగ పాడు చోటున సున్నకు ఆరు మొదలు పండ్రెండు డెసిబెళ్లు తక్కువగా నిలుచునట్లు చూచుకొనవలెను.

నాల్గవది నిశ్శబ్దము. పాటకు ముందు ఐదు సెకనులు అందరు మౌనముగ నుండవలెను. అపుడు గదియొక్క హోరు మాత్రమే నమోదగును. పిదప ఆ ఐదు సెకనులను ఎన్నుకొని ‘ఇది హోరు’ అని ఆడాసిటీకి చూపినచో, పాటయంతటను అట్టి హోరును తగ్గించును. మితముగ చేయవలెను, అతిగ చేసినచో గొంతు నీటిలోనుండి వచ్చునట్లగును.

ఇక రెండు చిక్కులను గూర్చి హెచ్చరింపవలసియున్నది. ఈ సాధనములు పాశ్చాత్యసంగీతమును మనసున నుంచుకొని చేసినవి. కొన్ని తెరచినంతనే నిమిషమునకు 120 దెబ్బలు, నాలుగు దెబ్బల ఆవృత్తము సిద్ధముగ నిలుపును. మన ఆదితాళమునకు ఆ నాలుగును రెండుమారులు లెక్కించిన సరిపోవును. మిశ్రచాపునకు ఏడుగా మార్చుకొనవలెను. నాటకపద్యమునకు తాళమే లేదు గనుక ఆ టకటకను పూర్తిగ ఆపివేయవలెను. రెండవ చిక్కు స్వరమును దిద్దు సాధనము. వీనిలో పేరుపొందిన ‘ఆటోట్యూన్’ 1997లో వెలువడెను. దానిని కనుగొన్న ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలోని చమురుజాడను ప్రతిధ్వనులచే తెలిసికొను గణితమున కృషిచేసినవాడు. ఇది గొంతును దగ్గరి మెట్టునకు లాగి నిలుపును. మన తోడిరాగపు గాంధారము ఒక్కచోట నిలుచునది గాదు. ఊగుచునే తన రూపమును చూపును. ఆ ఊగుటను యంత్రము తప్పని యెంచి సరిచేసినచో రాగమే పోవును. కావున వృద్ధుల పాటలపై దీనిని ప్రయోగింపరాదు. వణకు గొంతు వణకుగనే యుండనిండు.

మా యూర ఎనుబదియేండ్లు దాటిన అవ్వ యొకతె యుండెడిది. నాట్లపాటలు, లాలిపాటలు, అప్పగింతలపాటలు ఆమెకు కంఠస్థము, అక్షరము రాదు. మైక్రోఫోను ముందర కూర్చుండబెట్టగా నోరు పెగలలేదు. చేతికి పనిలేనిదే పాట రాదనెను. ఒట్టిచేట నొకదానిని చేతికిచ్చితిమి. బియ్యము లేని చేట గనుక సవ్వడి లేదు. చెరుగుచున్నట్లే చేతులాడించుచు మూడు దినములలో పదునారు పాటలు పాడెను. మరుసటియేడు ఆమె కాలము చేసెను. నిరుడు ఆమె మునిమనుమరాలి పెండ్లిలో అప్పగింతలవేళ ఆ గొంతును వినిపించిరి. మొదట అందరును కంటతడి పెట్టిరి. పిమ్మట ఇద్దరు కోడండ్రు ఆ గొంతుతో కలిసి పాడిరి. ఇప్పుడు ఆ పాట యంత్రము లేకయే మా వీధిలో వినబడుచున్నది. ఈ విద్యకు ఫలము పాట తిరిగి నోటికి చేరుటయే.

భద్రపరచుటలో మూడుమాటలు గుర్తుంచుకొనుడు. ఆడాసిటీ దాచుకొను సొంత ఫైలు ఇతర యంత్రములలో పలుకదు. కావున ‘వేవ్’ అను రూపమున వేరొక ప్రతి తీయవలెను. ఒంటి ట్రాకున నిమిషమునకు సుమారు 5 మెగాబైట్ల చోటు పట్టును. ఇతరులకు పంపుటకు ‘ఎంపీ3’ చాలును. అది చిన్నదేగాని కొంత వివరమును పోగొట్టుకొన్నది, మూలప్రతిగా పనికిరాదు. మూలమును రెండు వేరువేరు చోట్ల నుంచవలెను. గౌహర్ జాన్ వలె పాడినవారి పేరు, ఊరు, తేదీ వారి నోటనే పలికించవలెను. లేనిచో ఏబదియేండ్ల పిదప అది ఎవరి గొంతో చెప్పువారుండరు. వీనికన్నింటికిని ముందు పాడువారి అనుమతి నడుగవలెను. ఇంటివరకే యుండవలెనన్న పాటను ఊరి కెక్కింపరాదు.

పెద్దలారా, మీ యూర భజనకీర్తనల నెరిగినవారు, తత్త్వములు పాడువారు, మంగళహారతులు తెలిసిన ముత్తైదువలు ఎందరున్నారో నేడే ఒక కాగితముపై వ్రాసికొనుడు. వారిలో అందరికంటె పెద్దవారితో మొదలిడుడు. మీ మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మీటలు వాడు చూపును, పాట విలువను మీరు చూపుడు. మొదటి పాట బాగుగ రాకున్నను చింతలేదు. పలకయున్నది, మరల వ్రాయవచ్చును. గొంతు మాత్రము మరల దొరకదు.