పాత లెన్సు, పండిన ముఖం
(నడికుడిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి చెప్పగల సమర్థులు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "మీ ఇత్తడి లెన్సు సంగతి చెప్పండి" అన్నారు. వినడానికి ఇది కాలక్షేపం కబురులా ఉంటుంది గాని, మనందరికీ సంబంధించినదే.

మన తరం ఇళ్లలో ఇల్లాలి ఫోటో ఎక్కడుందని అడిగితే చాలామంది చూపించేది పెన్షన్ కాగితాలకు అంటించిన జాయింటు ఫోటో. మన సభ్యులొకరికి భార్యావియోగం కలిగినప్పుడు బీరువాలన్నీ వెతికితే దొరికింది అదొక్కటే. తపాలా బిళ్లంత ముఖాన్ని గోడకు సరిపడా పెద్దది చేయిస్తే కళ్లు రెండూ నల్లటి మచ్చలయ్యాయి. పెద్దకర్మనాడు దానికే దండ వేశారు. వాళ్లమ్మాయి దాని ముందు నిలబడి, "ఇది మా అమ్మలా లేదు" అంది. ఆ మాట విన్నాకనే నేను అటక మీది పెట్టె దింపాను.

ఆ పెట్టె మా మేనమామగారిది. ఆయనకు ఫోటో స్టూడియో ఉండేది. హాఫ్ ప్లేటు కెమెరా, అంటే సుమారు నాలుగు ముప్పావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల పొడవు ఉన్న నెగెటివు తీసేది. టేకు చట్రం, తోలు తిత్తి, వెనక గరుకుటద్దం, ముందు ఇత్తడి గొట్టంలో లెన్సు. నల్లగుడ్డ కప్పుకొని చూస్తే మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. సెలవుల్లో ఆ గుడ్డ పట్టుకోవడం, ప్లేట్లు కడగడం నా పని. ఇలాంటి కొయ్య కెమెరాలు విదేశాల నుంచే వచ్చాయనుకోనక్కరలేదు. కేరళలోని అలెప్పీలో తయారైన వాగేశ్వరి కెమెరాలు మన దేశంలో ఎన్నో స్టూడియోలలో పనిచేశాయి.

ఇప్పటి లెన్సును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే ఊదారంగో ఆకుపచ్చో మెరుస్తుంది. అది గాజు మీది పూత. నా లెన్సుకు ఆ పూత లేదు. పూత లేకపోతే ఏమవుతుందో మన ట్రెజరీ లెక్కలో చెబుతాను.

వెలుతురు గాలిలోంచి గాజులోకి పోయేటప్పుడు, గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు, ఒక్కొక్క గట్టు దగ్గర నూటికి సుమారు 4 వంతులు వెనక్కి పోతుంది. నా లెన్సు ర్యాపిడ్ రెక్టిలీనియర్ అనే రకం. 1866లో ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో స్టయిన్‌హైల్ ఎవరికి వారుగా ఈ పద్ధతి కనిపెట్టారు. రెండేసి గాజులు అతికించిన జంటలు రెండు, అంటే గాలికి తగిలే గట్లు నాలుగే. నూరు రూపాయలు బయల్దేరితే 85 చేరతాయి. అంతకు ముందు 1840లో పెట్జ్‌వాల్ లెక్కగట్టిన పోర్ట్రెయిట్ లెన్సుకు గట్లు ఆరు, అందులో 78 చేరతాయి. ఈ కాలపు జూమ్ లెన్సులో పదిహేను గాజులుంటే గట్లు ముప్పై. పూత లేకపోతే ముప్పై రూపాయలు కూడా చేరవు. కాబట్టి పూత వాటికి ప్రాణం. గాజులు తక్కువున్న పాత లెన్సు అది లేకుండానే సంసారం చేసుకుంటుంది.

మరి తగ్గిన పదిహేను ఏమైనట్టు? చాలావరకు వచ్చిన దారినే పోతుంది. కొంత మాత్రం లోపల గాజుకూ గాజుకూ మధ్య తిరిగి తిరిగి, ఏ పద్దుకూ చెందకుండా ప్లేటు మీద పడుతుంది. మన భాషలో అది సస్పెన్స్ ఖాతా! వెలుగున్న చోట దానివల్ల తేడా తెలియదు. నీడ ఉన్నచోట పలచని తెరలా పరుచుకొని నలుపును కొంచెం బూడిదరంగు చేస్తుంది. యంత్రం బొమ్మకో, మ్యాపుకో ఇది దోషం. కళ్లు లోతుకు పోయి, బుగ్గలు జారిన మన ముఖాలకు ఇదే ఉపకారం. కనుగుంటల నీడ తేలికపడి లోపలి చూపు కనిపిస్తుంది.

పూత కథ కూడా విచిత్రమైనదే. ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ అనే లెన్సుల నిపుణుడు 1890లలో ఒక సంగతి గమనించాడు. ఏళ్ల తరబడి గాలి తగిలి పైన నీలిఛాయ పట్టిన పాత లెన్సు, కొత్తదానికన్నా ఎక్కువ వెలుతురు పంపుతోంది! వయసే దానికి పూత పూసింది. 1935లో జర్మనీలో జైస్ కంపెనీకి చెందిన స్మకులా ఆ పూతను కావాలని వేసే పద్ధతి సాధించాడు.

అంతకు ముందు మన ప్రాంతాల్లో తీసిన గొప్ప ఫోటోలన్నీ పూత లేని గాజుతో తీసినవే. హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ మనలాగే సర్కారు ఉద్యోగి. రూర్కీలో చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేస్తూ కెమెరా పట్టాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. 1905లో కన్నుమూశాడు. ఆయన గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. నవాబుల ముఖాలు భద్రంగా ఉన్నాయి, సంతోషం. గుమాస్తాల ఇల్లాళ్ల ముఖాలు ఎవరు భద్రపరచాలి? మనమే.

నేను చేసేది చెబుతాను. గాజు ప్లేట్లు దొరకడం కష్టం గనుక ఆసుపత్రుల ఎక్స్‌రే ఫిల్ము కొలతకు కత్తిరించి వాడుతున్నాను. దానికి ఎరుపు కనపడదు కాబట్టి ఎర్రదీపం వెలుగులో కడగవచ్చు. కుంకుమబొట్టు మాత్రం నల్లగా వస్తుంది, ముడతలు కొంచెం ముదురుగా పడతాయి. ఆ కరకుదనాన్ని పాత లెన్సు తెర సర్దుతుంది. ఎండలో కూర్చోబెట్టను. మన ఊళ్లో వాకిళ్లన్నీ నాపరాళ్లు. ఎండలో ఆ తళుకు సూటిగా లెన్సులోకి కొడితే బొమ్మంతా పాలు పోసినట్టవుతుంది. అందుకే పొద్దున పూట, వరండా నీడలో, నేలమీద గోనెపట్టా పరిచి, లెన్సు చుట్టూ నల్ల అట్ట గొట్టం తొడిగి తీస్తాను. మూత తీసి "ఒకటి" అనుకొని మూసేస్తాను. ఆ సెకను కదలకుండా కూర్చోవాలి. నవ్వు అంతసేపు నిలవదు గనుక, మనిషి తన సహజమైన ముఖంతోనే కూర్చుంటాడు.

ఇప్పటికి మన సభ్యుల కుటుంబాల్లో ఇరవై ఆరుగురికి తీశాను. ఎనభై దాటిన ఒకావిడ తన ఫోటో చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసి, "మా అమ్మ" అన్నారు. కాదమ్మా, మీరే అంటే, "నాకు తెలుసులే నాయనా, మా అమ్మకు ఫోటో లేదు" అన్నారు. అక్కడున్నవాళ్లెవరం మాట్లాడలేకపోయాం.

ముగించే ముందు మూడు మనవులు. ఇంట్లో పాత ఇత్తడి లెన్సు ఉంటే చింతపండుతో తోమకండి. గాజు మీద నీలిఛాయ ఉంటే మురికనుకొని రుద్దకండి. తాతల నాటి గాజు నెగెటివులు కనిపిస్తే కిటికీ అద్దాలకని గీకేయకండి. మందు పూసిన వైపు వేలు తగలకుండా, ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో నిలువుగా పెట్టండి. సెల్‌ఫోనులో పాత ఫోటోను నునుపు చేయించుకోండి, తప్పులేదు. అసలును మాత్రం పారేయకండి.

మూడోది. నాకు డెబ్బై నాలుగేళ్లు. నల్లగుడ్డ కింద వంగగలిగినన్నాళ్లు రెండో ఆదివారం పొద్దున మా వరండా మీ అందరిదీ. ఫిల్ము ఖర్చు నాది. మీరు ఒక్కరే రాకండి, ఇంటావిణ్ణి తీసుకురండి. "ఈ వయసులో నాకెందుకు ఫోటో" అంటారావిడ. ఆవిడకు అక్కరలేకపోవచ్చు. పిల్లలకు కావాలి.