బిళ్ల ఇచ్చే ముందు బిడ్డ జబ్బు చూడండి

(వాడల్లో పనిచేసే కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచీ భూమి గురించి, కూలి రేట్ల గురించి మాట్లాడారు. మేం మాట్లాడబోయేది గోరంత బిళ్లల గురించి. ఇదేం ఉద్యమం అని కొందరు తమ్ముళ్లకు అనిపించొచ్చు. కాని మన వాడలో పసిబిడ్డ చనిపోతే అది తలరాత కాదు, సర్కారు చెయ్యాల్సిన పని చెయ్యకపోవడం అని మనమే అంటన్నాం గదా. ఆ చెయ్యాల్సిన పని ఏందో మనకు తెలవకపోతే ఎవర్ని నిలదీస్తాం?

ముందు విరేచనాల సంగతి. బిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే మనోళ్లు ఏం చేస్తన్నారు? డాక్టరు కాని డాక్టరు దగ్గరకు ఎత్తుకుపోతన్నారు. ఆయన ఒక సూది వేస్తాడు, సెలైన్ పెడతాడు, రెండు రోజుల కూలి అక్కడే పోద్ది. ఓఆర్‌ఎస్ పొట్లం గురించి కొంత తెలిసింది, సంతోషం. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా పడితే డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు చక్కెర నీళ్లతోనే వేలమందిని నిలబెట్టాడు. కాని ఆ పొట్లం పక్కన ఇంకో మందు ఉంది. అది జింక్ బిళ్ల.

విరేచనాలతో పోయేది నీళ్లూ ఉప్పే కాదు, ఒంట్లో జింక్ కూడా పోద్ది. జింక్ తగ్గితే పేగు లోపలి పొర మానదు, రోగాన్ని తట్టుకునే బలం తగ్గుద్ది, మళ్లీ విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి చెప్పాయి: ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ ఇవ్వాలని. మన దేశంలో లెక్క ఇది. రెండు నెలలు దాటి ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, అంటే అర బిళ్ల. ఆరు నెలలు దాటితే 20 మిల్లీగ్రాములు, ఒక బిళ్ల. చెంచాలో తల్లిపాలతోనో కాచిన నీళ్లతోనో కరగదీసి పట్టాలి. 14 రోజులు. విరేచనాలు మూడో రోజే ఆగినా 14 రోజులూ ఇవ్వాలి. మేం తిరిగిన వాడల్లో చూసింది ఏందంటే, మూడు బిళ్లలు వేసి మిగతావి చూరులో దోపుతన్నారు. ఆ మిగిలిన పదకొండే వచ్చే రెండు మూడు నెలలు బిడ్డను కాచేవి. ఇవి ఆశా దగ్గర, సబ్‌సెంటర్‌లో ఉచితంగా ఇవ్వాల్సినవి. విరేచనాల్లో నెత్తురు పడినా, కళ్లు లోపలికి పోయినా, పాలు తాగకపోయినా మాత్రం బిళ్ల చూసుకుంటా కూచోవద్దు, ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఇక్కడ ఒక మాట. మురికి నీళ్లు పోకుండా బిళ్లలే పంచితే, కుండకు చిల్లి ఉంచి నీళ్లు పోసినట్టే. 1985 జులైలో కారంచేడులో గొడవ మొదలైంది ఎక్కడ? తాగే నీళ్ల చెరువు దగ్గర.

జింక్ తక్కువైతే మనిషి ఎదగడని లోకానికి చెప్పింది బీహారులో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్. ఇరాన్‌లోనూ ఈజిప్టులోనూ పొట్టిగా, పిల్లల్లాగే ఉండిపోయిన కుర్రాళ్లను చూశాడు. వాళ్ల తిండి దాదాపు అంతా పులవని రొట్టె, మాంసం లేనట్టే. గింజల పైపొరలో ఉండే ఫైటేట్ అనే పదార్థం జింక్‌నూ ఇనుమునూ పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. మాంసంలో ఆ అడ్డం లేదు. మనల్ని ఏ కూర తింటామని ఎలేస్తారో ఆ పెద్దకూరలో, కాలేయంలో జింకూ ఇనుమూ రెండూ దండిగా ఉన్నాయి. సిగ్గుపడి పిల్లలకు మానిపిస్తన్న మన చదువుకున్నోళ్లు ఈ మాట వినాలి.

ఇప్పుడు ఇనుము. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల పిల్లల్లో రక్తం తక్కువున్నోళ్లు తెలంగాణలో నూటికి 70, ఆంధ్రలో 63. కాబట్టి ఐరన్ మందు కావాలి. అయిదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు సిరప్, 5-9 ఏళ్లోళ్లకు వారానికో గులాబీ బిళ్ల, 10-19 ఏళ్లోళ్లకు వారానికో నీలం బిళ్ల. దొడ్డికి నల్లగా పోద్ది, భయం లేదు. సీసా మాత్రం పిల్లలకు అందనీయొద్దు, తియ్యగా ఉందని తాగేస్తే ప్రాణం మీదకొస్తది.

కాని తెల్లగా పాలిపోయిన ప్రతి బిడ్డకూ ఐరన్ పొయ్యడం తప్పు. ఎముకలు తేలి చిక్కిపోయిన బిడ్డ ఉంటుంది. చూడగానే నెత్తురు లేదంటాం, టానిక్ అంటాం. ఆ బిడ్డ ఒంట్లో లోపల చీముజబ్బు ఏదో ఉంటుంది, ఇచ్చిన ఇనుము రోగక్రిములకే మేతవుద్ది. అందుకే పోషకాహార పునరావాస కేంద్రంలో మొదటి రోజుల్లో ఐరన్ ఇవ్వరు. పొటాషియం, మెగ్నీషియం, జింక్ ముందు. జబ్బు తగ్గి, ఆకలి పుట్టి, బరువు పెరగడం మొదలయ్యాకే ఐరన్. మలేరియా ఉన్న చోటా జాగ్రత్త. టాంజానియాలోని పెంబా దీవిలో పిల్లలందరికీ ఐరన్ ఇచ్చి చూస్తే ఆస్పత్రి పాలైనోళ్లు, చనిపోయినోళ్లు పెరిగారని 2006లో బయటపడింది. ఏజెన్సీలో పనిచేసే తమ్ముళ్లు జ్వరమొచ్చిన బిడ్డకు ముందు రక్తపరీక్ష చేయించాలి.

ఇంకోటి తలసీమియా. ఈ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోద్ది. వాళ్లకు కావాల్సింది ఇనుము తీసేసే మందు. సికిల్ సెల్ బిడ్డకు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, ఐరన్ మాత్రం లోపం ఉందని పరీక్షలో తేలితేనే. ఇది గిరిజనుల జబ్బే అనుకోవద్దు, విదర్భలో మహర్లలోనూ చాలా ఉంది. నెలల తరబడి ఐరన్ వేసినా రక్తం పెరగకపోతే, ఒళ్లు నొప్పులతో మాటిమాటికీ ఏడుస్తుంటే, హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష రాయమని పెద్దాస్పత్రిలో అడగండి. పేరు నోరు తిరక్కపోతే కాగితం మీద రాసుకుపోండి. ఈ రెండు జబ్బులూ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయి, సర్టిఫికెట్టు కూడా అడగొచ్చు.

మా సూచన ఒకటే. ఇక్కడికొచ్చిన ప్రతి ఒక్కరూ మీ వాడ సబ్‌సెంటర్‌కు పోయి జింక్, ఓఆర్‌ఎస్ ఎంత స్టాకు ఉందో అడిగి రాసుకురండి. లేదంటే లేదని సంతకం చేయించండి. వచ్చే పక్షం ఆ కాగితాలన్నీ కలిపి మండలానికి పోదాం.

ఇక టేపు సంగతి. ఆరు నెలలు దాటి అయిదేళ్ల లోపు బిడ్డ ఎడమ చెయ్యి జబ్బ మధ్యలో చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువున్నా, రెండు పాదాలూ వాచినా ఆ బిడ్డను వెంటనే కేంద్రానికి పంపాలి. ఎట్లా కొలవాలో ఇప్పుడే చూపిస్తాం. అక్కలారా, పిల్లల్ని ఇటు ముందుకు తీసుకురండి.