డబ్బా పొడిలో బలమెంత?

(మహిళా సంఘం సమావేశంలో ఒక నర్సు చేసిన ప్రసంగం)

 

ఈరోజు మీకు చూపించాలని ఈ డబ్బా తెచ్చాను. దీని మీద కండలు తిరిగిన మగవాడి బొమ్మ ఉంది. పక్కన 'అమైనో ఆమ్లాలు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఇప్పుడు డబ్బా ఖాళీగా ఉంది. ఇది మా చిన్నమ్మ కూతురి ఇంట్లోది. దీని కథ మీకు చెప్పాలి.

మా చెల్లెలి కొడుకు పోలీసు ఉద్యోగం కోసం పొద్దున్నే లేచి పరుగు నేర్చుకుంటున్నాడు. "ఈ పొడి తాగితేనే బలం వస్తుంది" అని ఎవరో చెప్పారు. మా చెల్లెలు సంఘంలో అప్పు తీసుకుని డబ్బా కొన్నది. ధర 2,400 రూపాయలు. అందులో 30 చెంచాలు వచ్చాయి. లెక్క కట్టండి. ఒక్కొక్క చెంచా 80 రూపాయలు!

ఆ రోజుల్లో మా చెల్లెలికి కూడా నీరసంగా ఉండేది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. కళ్ళు తిరిగేవి. "బలం పొడే కదా" అని తనూ రోజుకో చెంచా పాలలో కలుపుకుని తాగింది. మూడు డబ్బాలు అయిపోయాయి. నీరసం తగ్గలేదు.

నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అలమరలో ఈ డబ్బా చూశాను. నర్సునై ఉండి కూడా ఏమీ అడగలేదు. "కొడుకు కోసం కొన్నది కదా" అనుకున్నాను. అది నా తప్పు. ఒకరోజు మా చెల్లెలు పొలంలో పడిపోయింది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేశారు. ఆడవాళ్ళకు రక్తంలో హిమోగ్లోబిన్ 12 ఉండాలి. తనకు 6 ఉంది. తన జబ్బు రక్తహీనత. దానికి కావలసింది ఇనుము. డబ్బాలోని పొడి ఆ లోటు తీర్చేది కాదు. డబ్బా ఉందన్న ధైర్యంతో మూడు నెలలు పరీక్ష చేయించుకోలేదు. అదే అసలు నష్టం.

అమైనో ఆమ్లాలు అంటే ఏమిటి?

పేరు విని భయపడకండి. మన కండలు, చర్మం, జుట్టు, రక్తం అన్నిటికీ మాంసకృత్తులు కావాలి. వీటినే ప్రొటీన్లు అంటారు. మాంసకృత్తి పూలదండ లాంటిది. అమైనో ఆమ్లాలు అందులోని పూలు. ఇవి 20 రకాలు. వీటిలో 9 రకాలను మన ఒళ్ళు తయారుచేసుకోలేదు. వాటిని తిండిలోంచే తెచ్చుకోవాలి.

దండ కడుతుంటే ఒక రంగు పూలు అయిపోయాయనుకోండి. మిగతా పూలు ఎన్ని ఉన్నా అదే వరసలో దండ కట్టలేం కదా! ఒంట్లో కూడా అంతే.

బియ్యంలో లైసిన్ అనే పువ్వు తక్కువ. పప్పులో అది ఎక్కువ. పప్పులో మెథియోనిన్ అనే పువ్వు తక్కువ. బియ్యంలో అది సరిపడా ఉంటుంది. రెండూ కలిపి తింటే దండ పూర్తవుతుంది. మన పెద్దవాళ్ళకు ఈ పేర్లు తెలియవు. అయినా పప్పన్నం పెట్టారు. బియ్యం, పెసరపప్పు కలిపి పులగం వండారు. మినప్పప్పుతో ఇడ్లీ పోశారు. జొన్నరొట్టెలోకి పప్పు వండారు. గుడ్డు, పాలు, చేపలు, మాంసంలో 9 రకాలూ ఉంటాయి.

మనకు ఎంత కావాలి?

మన హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2020లో ఆ సంస్థ ఒక లెక్క చెప్పింది. 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గర్భిణులకు ఇంకా ఎక్కువ కావాలి.

ఇది వంటింట్లో ఎలా వస్తుందో చూడండి. 300 గ్రాముల బియ్యంలో సుమారు 22 గ్రాములు ఉంటాయి. 75 గ్రాముల కందిపప్పులో 16 గ్రాములు. ఒక గ్లాసు పాలలో 6 గ్రాములు. గుప్పెడు వేరుశనగ గింజల్లో 6 గ్రాములు. మొత్తం 50 గ్రాములు. సరిపోయింది కదా!

మరి డబ్బా సంగతి? ఇలాంటి పొడి ఒక చెంచాలో 20 నుంచి 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 100 గ్రాముల పెసరపప్పులో కూడా దాదాపు అంతే ఉంటాయి. కిలో 120 రూపాయలైతే 100 గ్రాములు 12 రూపాయలు. మా చెల్లెలు చెంచాకు పెట్టింది 80 రూపాయలు!

కానీ ఒక మాట. మన ఇళ్ళలో పప్పు పలచన. మగవాళ్ళు, పిల్లలు తిన్నాక ఆడవాళ్ళకు మిగిలేది పులుసు నీళ్ళు. గుడ్డు ఒకటే ఉంటే కొడుక్కి వేస్తాం. నీరసం ఇక్కడే మొదలవుతుంది. మీరు కూడా ఇంట్లో అందరితోపాటు కూర్చుని తినండి. పప్పు కొంచెం గట్టిగా వండండి.

పొడి వల్ల ఎవరికీ మేలు లేదా?

ఉంది. జబ్బు చేసి తినలేనివాళ్ళకు, ఆపరేషన్ అయినవాళ్ళకు, ఆకలి మందగించిన ముసలివాళ్ళకు డాక్టర్లు ఒక్కోసారి పొడి రాస్తారు. అప్పుడు వాడాలి. పరుగులు తీసేవాళ్ళకు, బరువులు ఎత్తేవాళ్ళకు మాంసకృత్తులు కొంచెం ఎక్కువ కావాలి. అవి కూడా చాలా వరకు తిండిలోనే దొరుకుతాయి. కండ పెరిగేది కసరత్తుతో. పొడి తాగి కూర్చుంటే కండ రాదు. కడుపు నిండా తినకుండా పొడి తాగినా లాభం లేదు. తిండి చాలకపోతే ఒళ్ళు ఆ మాంసకృత్తులనే కట్టెల్లా మండించుకుంటుంది.

ఎక్కువైతే ఏమవుతుంది?

అమైనో ఆమ్లాలను ఒళ్ళు దాచుకోలేదు. మిగిలినవాటిని కాలేయం విడగొడుతుంది. అందులోంచి యూరియా వస్తుంది. దాన్ని మూత్రపిండాలు బయటికి పంపాలి. మూత్రపిండాలు బాగున్నవాళ్ళు తట్టుకుంటారు. జబ్బు ఉన్నవాళ్ళకు అది పెద్ద బరువు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎంతమంది ఈ జబ్బుతో బాధపడుతున్నారో మీరు వినే ఉంటారు. జబ్బు ముదిరేదాకా చాలామందికి తెలియదు కూడా. అందుకే అడగకుండా వాడకూడదు. కండల కోసం ఈ పొడులు వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే ఎముకలకు, మూత్రపిండాలకు హాని జరగవచ్చని హెచ్చరించింది.

ఇంకో సంగతి. 1989లో అమెరికాలో జరిగింది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం బిళ్ళలను నిద్ర కోసం చాలామంది మింగేవాళ్ళు. ఉన్నట్టుండి వాళ్ళలో కొందరికి భరించలేని కండరాల నొప్పులు వచ్చాయి. 1,500 మందికి పైగా జబ్బుపడ్డారు. 30 మందికి పైగా చనిపోయారు. ఒక కంపెనీ తయారుచేసిన సరుకులో కల్మషాలు ఉన్నట్టు తేలింది. ప్రభుత్వం ఆ బిళ్ళలను బజారు నుంచి వెనక్కి తీయించింది. వాళ్ళంతా ఆరోగ్యం కోసమే కొన్నారు. "డాక్టరు చీటీ లేకుండా దొరుకుతుంది, దీంతో ఏమవుతుంది?" అనుకోవద్దు.

మన చదువు ఇక్కడే పనికొస్తుంది

డబ్బా మీద చాలా మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. అయినా అంకెలు మనకు వచ్చు. ఏ తేదీ వరకు పనికొస్తుందో చూడండి. ధర చూడండి. ఒక చెంచాలో ఎన్ని గ్రాములో చూడండి. 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉందా అని చూడండి. 'మందుగా వాడరాదు' అన్న మాట ఇలాంటి డబ్బాల మీద తప్పక ఉండాలి. కొట్టువాడిని ఆ మాట చూపించమని అడగండి. "ఇది జబ్బులు తగ్గిస్తుంది" అని చెబితే నమ్మకండి.

గర్భిణులు, బాలింతలు, బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగనిదే ఇలాంటివి ముట్టవద్దు. నర్సమ్మ ఇచ్చే ఇనుము మాత్రల సంగతి వేరు. అవి మానవద్దు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు మీ కోసమే. ఇంటికి తెచ్చి అందరికీ పంచవద్దు.

మా చెల్లెలు ఇప్పుడు బాగుంది. ఇనుము మాత్రలు వేసుకుంది. ఆకుకూర, పప్పు తింటోంది. నాలుగు నెలలకు హిమోగ్లోబిన్ 11 అయింది. కొడుకు ఉడికించిన శనగలు, గుడ్డు తిని పరుగెడుతున్నాడు. డబ్బాల అప్పు మాత్రం ఇంకా తీరుస్తోంది.

ఈ ఖాళీ డబ్బా నేనే అడిగి తెచ్చుకున్నాను. ఇకమీదట ఎవరింట్లో ఇలాంటిది చూసినా ఊరుకోను. "ఎవరు తాగుతున్నారు? ఎందుకు?" అని అడుగుతాను. మీరు కూడా అడగండి. నీరసంగా ఉందన్న మనిషిని ముందు రక్తం పరీక్షకు తీసుకువెళ్ళండి.